ఇద్దరు రాజమ్మలు: మలయాళ సినిమా ఎదిగిన కథ

(తెనాలిలో ‘స్వయంవరం’ ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇంత వానలో ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ముందు వరసల్లో పెద్దవాళ్లు కూచున్నారు, వెనకాల కాలేజీ పిల్లలు కనిపిస్తున్నారు. పిల్లలకి మలయాళ సినిమా అంటే రాత్రి ఫోనులో చూసేది. పెద్దవాళ్లకి మలయాళ సినిమా అంటే శారద గారు. ఈ రెండు తరాల మధ్య ఏం జరిగిందో చెప్పమని నన్ను పిలిచారు.

ఈ మాటలు చెప్పడానికి తెనాలి కంటే మంచి ఊరు దొరకదు. తాడిపర్తి సరస్వతీదేవి ఇక్కడే పుట్టింది. మద్రాసు వెళ్లి శారద అయింది. మలయాళం తన భాష కాకపోయినా ఆ భాషలో జాతీయ ఉత్తమ నటి పురస్కారం రెండుసార్లు తెచ్చుకుంది, 1968 నాటి ‘తులాభారం’కి ఒకసారి, 1972 నాటి ‘స్వయంవరం’కి ఇంకోసారి. మూడోది మన తెలుగు ‘నిమజ్జనం’. ఆ పురస్కారాన్ని అప్పట్లో ఊర్వశి అనేవాళ్లు, అందుకే ఆమె ఊర్వశి శారద. ఇదంతా మీకు తెలిసిందే. అయితే ఆవిడ దగ్గరికి రావాలంటే ముందు ఇంకో ఆడమనిషి గురించి చెప్పాలి. ఆమె ఫోటో ఒకటైనా నమ్మకంగా చూపించలేం. ఆమె నటించిన సినిమా రీలు ముక్క కూడా మిగల్లేదు.

1930 ప్రాంతం. కేరళ అనే రాష్ట్రం ఇంకా లేదు, తిరువాన్కూరు సంస్థానం ఉంది. జె.సి. డేనియల్ అనే యువకుడు ఆస్తి అమ్మి, కెమెరా కొని, తిరువనంతపురంలో సొంత స్టూడియో పెట్టి ‘విగతకుమారన్’ అనే మూకీ తీశాడు. మలయాళ సినిమాకి అదే పుట్టుక. రాసిందీ తీసిందీ ఆయనే, ముఖ్య వేషం వేసిందీ ఆయనే. హీరోయిన్ దొరకలేదు. పరువుగల ఇంటి ఆడపిల్లలు తెర మీదికి రారని అందరూ అనుకునే కాలం అది. చివరికి గడ్డి కోసి అమ్ముకుంటూ, కాక్కారిశ్శి నాటకాల్లో వేషం కట్టే ఒక పులయ కులపు అమ్మాయి ఒప్పుకుంది. ఇంట్లో పేరు రాజమ్మ. తెర మీద పేరు పి.కె. రోజీ. పొద్దున అన్నం మూట కట్టుకుని కూలికి వెళ్లినట్టే షూటింగుకి వచ్చేదట, సాయంత్రం కాగానే ఇంటిదారి పట్టేదట.

ఆమెకి ఇచ్చిన పాత్ర సరోజిని, ఒక నాయర్ ఇంటి ఆడపడుచు. అదే ఆమె చేసిన నేరం. కేపిటల్ థియేటర్లో మొదటి ఆటకి ఆమె వస్తే మేం రామని ఊరి పెద్దలు పట్టుబట్టారు. ఆట మొదలైంది. నాయకుడు ఆమె తల్లో పువ్వును ముద్దు పెట్టుకునే ఘట్టం రాగానే జనం లేచి తెర మీద రాళ్లు రువ్వారు. ఆ తర్వాత ఆమె ఇంటికి నిప్పు పెట్టారని చెబుతారు. ఒక లారీ ఎక్కి తమిళ దేశంలోకి పారిపోయిందని, ఆ డ్రైవరునే పెళ్లాడి నాగర్‌కోయిల్ వైపు రాజమ్మాళ్ అనే పేరుతో బతికిందని, సినిమా మాట ఎన్నడూ ఎత్తలేదని చెబుతారు. డేనియల్ అప్పులపాలయ్యాడు. పళ్ల డాక్టరుగా బతికి 1975లో పోయాడు. ఇవాళ కేరళ ప్రభుత్వం సినిమాకి ఇచ్చే అతి పెద్ద పురస్కారం ఆయన పేరు మీదే ఉంది, 1992 నుంచి ఇస్తున్నారు.

ఎదుగుదల అనే మాట వినగానే మనకి వసూళ్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆ చిరిగిన తెర గుర్తొస్తుంది. తన మొదటి హీరోయిన్ని ఊళ్లోంచి తరిమేసిన సినిమా ఇది. అక్కణ్ణుంచి ఎంత దూరం నడిచింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే నాకు ముఖ్యం. ఈ సాయంత్రం నా మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

తొలి రోజుల సంగతి గబగబా చెప్పేస్తాను. రెండో సినిమా ‘మార్తాండ వర్మ’, సి.వి. రామన్ పిళ్లై నవల. హక్కుల తగాదా వచ్చి కాస్త ఆడగానే ఆగిపోయింది. ఆ ప్రింటు మాత్రం దొరికింది, పుణె ఆర్కైవ్‌లో ఉంది. మొదటి టాకీ ‘బాలన్’, 1938. దాన్ని సేలంలో మోడర్న్ థియేటర్స్ వాళ్లు తీశారు. మన సినిమాలాగే వాళ్ల సినిమా కూడా చాలాకాలం తమిళ గడ్డ మీద, అద్దె ఇంట్లో బతికింది. 1947లో కుంచాక్కో ఆలప్పుళలో ఉదయా స్టూడియో పెట్టాక, ఆ తర్వాత పి. సుబ్రహ్మణ్యం తిరువనంతపురంలో మెర్రీలాండ్ కట్టాక సొంత గూడు ఏర్పడింది. ఆ స్టూడియోల్లో తయారైనవి చాలావరకు పాటలు, పౌరాణికాలు, కన్నీళ్లు. వాటి మీద నాకు చిన్నచూపు లేదు, జనానికి థియేటరు అలవాటు చేసినవి అవే.

1954లో ‘నీలక్కుయిల్’ వచ్చింది. రాము కార్యాట్, పి. భాస్కరన్ కలిసి తీశారు, కథ ఉరూబ్ రాశాడు. ఒక బడిపంతులు, నాయర్. దళిత పిల్ల నీలిని ప్రేమిస్తాడు, గర్భవతి అయ్యాక కులానికి భయపడి వదిలేస్తాడు. ఆమె బిడ్డను కని చనిపోతుంది. ఆ బిడ్డను ఊరి పోస్టుమాను తెచ్చి పెంచుకుంటాడు. రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. ఇరవై పై చిలుకు ఏళ్ల కిందట తెర మీద రాళ్లు వేసిన సమాజమే ఈ కథ చూసి ఏడ్చింది. నేను ఈ సినిమాని ఎంతో గౌరవిస్తాను. కానీ ఒకటి గమనించండి. నీలి వేషం వేసింది మిస్ కుమారి, క్రైస్తవ కుటుంబపు అమ్మాయి. దళిత స్త్రీ కథ తెర మీదికి వచ్చింది, దళిత స్త్రీ మాత్రం రాలేదు. రోజీ వెళ్లిపోయాక ఆ కుర్చీ ఖాళీగానే ఉంది.

తర్వాత 1965, ‘చెమ్మీన్’. తకళి నవల, మళ్లీ రాము కార్యాటే. సముద్రం మీదికి వెళ్లిన మగవాడి ప్రాణం ఒడ్డున ఉన్న భార్య శీలంలో ఉంటుందని జాలర్ల నమ్మకం. ఆ నమ్మకమే కథకి ఇరుసు. రాష్ట్రపతి స్వర్ణ పతకం దక్షిణాదికి వచ్చింది దీనితోనే. సంగీతం బెంగాల్ నుంచి సలీల్ చౌదరి, ఎడిటింగ్ బొంబాయి నుంచి హృషికేశ్ ముఖర్జీ. కెమెరా ఎవరో తెలుసా? మార్కస్ బార్‌ట్లీ. మన ‘మాయాబజార్’లో నలుపు తెలుపుల్లో వెన్నెల కురిపించినాయన. ఎనిమిదేళ్ల తర్వాత అదే చెయ్యి అరేబియా సముద్రాన్ని రంగుల్లో చూపించింది. ‘తులాభారం’ తీసిన ఎ. విన్సెంట్ కూడా అంతే. మలయాళంలో దర్శకుడు, మన దగ్గర ‘ప్రేమనగర్’ ఛాయాగ్రాహకుడు. అప్పట్లో మద్రాసు ఒక పెద్ద ఉమ్మడి ఇల్లు. ఒకే వంటింట్లో నాలుగు భాషలకి వండేవాళ్లు.

మరి ఒకే వంటింట్లో వండినా ఆ వంటకి ఆ రుచి ఎందుకొచ్చింది? నన్ను చాలామంది అడుగుతుంటారు. కేరళ వాళ్లకి తెలివి ఎక్కువా అని కూడా అడుగుతారు. నాకు తోచిన జవాబు పుస్తకాల బీరువాలో ఉంది. 1945లో పి.ఎన్. పణిక్కర్ అనే బడిపంతులు 47 పల్లె గ్రంథాలయాలను కలిపి ఒక సంఘం పెట్టాడు. అది ఊరూరా పాకింది. బీడీలు చుట్టే చోట ఒకడు పేపరు చదువుతుంటే మిగతావాళ్లు వినేవాళ్లు. ఇంకోపక్క కేపీఏసీ నాటక బృందం కమ్యూనిస్టు ఉద్యమంతో పాటు ఊళ్లు తిరిగింది. ‘తులాభారం’ కూడా ముందు తోప్పిల్ భాసి రాసిన వాళ్ల నాటకమే. నవల చదివినవాడు, నాటకం చూసినవాడు టికెట్టు కొని లోపలికి వచ్చాడు. అలాంటివాడికి కథ చెప్పడం ఏ దర్శకుడికైనా కష్టమే, ఆ కష్టమే దర్శకుడికి చదువు.

ఈ మాట చెప్పేటప్పుడు నాకు కడుపులో కలుక్కుమంటుంది. గ్రంథాలయోద్యమం మనకి వాళ్లకంటే ముందే ఉంది. అయ్యంకి వెంకటరమణయ్య గారు, బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం. ఈ కృష్ణా గుంటూరు జిల్లాల్లో పడవల మీద కూడా పుస్తకాలు తిరిగాయి. ప్రజానాట్యమండలి మనకీ ఉంది. విత్తనం ఒకటే. మన చేనుకి నీళ్లు ఎక్కడ ఆగిపోయాయో వేరే రోజు మాట్లాడుకోవాల్సిన పెద్ద విషయం. ఇవాళ ఇంతవరకే అంటాను.

1965లోనే, ‘చెమ్మీన్’ వచ్చిన ఏడే, తిరువనంతపురంలో ఇంకో పని జరిగింది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకుని వచ్చిన అడూర్ గోపాలకృష్ణన్, కులత్తూర్ భాస్కరన్ నాయర్ మరికొందరు కలిసి చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. ప్రపంచ సినిమాలు తెప్పించి జనానికి చూపించడమే పని. ఆ తర్వాత ఊరూరా ఇలాంటి సొసైటీలు లేచాయి. 16 ఎంఎం ప్రొజెక్టరు బస్సులో వేసుకుని వెళ్లేవాళ్లు. బడి గోడకి తెల్లగుడ్డ కట్టి జపాన్ సినిమా వేసేవాళ్లు. అక్కడ సినిమా చూడడం నేర్చుకున్న ఊళ్లే ఇప్పుడు డిసెంబరు నెలలో తిరువనంతపురం చిత్రోత్సవానికి బారులు తీరతాయి. 2013లో కొరియా దర్శకుడు కిమ్ కి-డుక్ ఆ ఉత్సవానికి వచ్చినప్పుడు, మన దగ్గర స్టార్ హీరో చుట్టూ మూగినట్టు మూగారు జనం.

చిత్రలేఖ వాళ్లు చూపించడంతో ఆగలేదు, సహకార సంఘంగా ఏర్పడి సినిమా తీశారు. అదే మనం ఇవాళ చూడబోయే ‘స్వయంవరం’. బడ్జెట్టు రెండున్నర లక్షలు, అందులో లక్షన్నర ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పు. పెళ్లి చేసుకోకుండా ఊరొదిలి వచ్చిన ఒక జంట, ఆ పట్నంలో ఉద్యోగం, అద్దె, బిడ్డ. అంతే కథ. పాటల్లేవు. స్టూడియో సెట్లు వదిలేసి బయటి చోట్లకి వెళ్లారు, అక్కడి ధ్వనులనే రికార్డు చేశారు. వీధిలో అరుపులు, బస్సు మోత, వాన, అన్నీ కథలో మనుషుల్లా వస్తాయి. 1972 నవంబరులో విడుదలైతే జనం రాలేదు. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటి, ఛాయాగ్రాహకుడు, నాలుగు జాతీయ పురస్కారాలు వచ్చాక మళ్లీ విడుదల చేస్తే అప్పుడు ఆడింది.

శారద గారు అప్పటికే పెద్ద తార. ‘తులాభారం’లో ఆకలికి ఓర్వలేక బిడ్డలకి విషం పెట్టిన తల్లిగా దేశాన్ని ఏడిపించారు. అదే కథ తెలుగులో ‘మనుషులు మారాలి’ అయితే అందులోనూ ఆవిడే, తమిళంలోనూ హిందీలోనూ ఆవిడే. అంత కన్నీళ్ల నటిని తీసుకొచ్చి అడూర్ ‘స్వయంవరం’లో దాదాపు ఏడవనివ్వలేదు. ముఖం మీద కెమెరా పెట్టి ఆగిపోతాడు. ఆవిడ కూడా ఆగిపోతుంది. ఏమీ చెయ్యకుండా ఉండడం నటుల పనుల్లో ఎంత కష్టమైనదో నాటకం వేసినవాళ్లకి తెలుస్తుంది.

ఆవిడని అడూర్ ఇంకోసారి పిలిచారు, ‘ఎలిప్పత్తాయం’కి. అంటే ఎలుకల బోను. 1981. ఆ సినిమాని నేను మొదట చూసింది దూరదర్శన్‌లో, ఆదివారం మధ్యాహ్నం ప్రాంతీయ భాషా చిత్రాలు వేసేవాళ్లే, అందులో. పక్కన అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ కూచుంది. భాష రాదు, కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. ఒక పాత జమీందారీ ఇల్లు. అన్న ఉణ్ణి కాలు కదపడు. దొడ్లోకి ఆవు వస్తే తోలడానికి కూడా వాడికి ధైర్యం లేదు, చెల్లెల్ని కేకేస్తాడు. ఆ చెల్లెలే శారద. నీళ్లు కాచేది, వడ్డించేది, ఊడ్చేది ఆమే. చిన్న చెల్లెలు శ్రీదేవి ఎర్ర బట్టల్లో మెరుస్తూ తిరుగుతుంది, ఈమె ఎప్పుడూ నీలం. బోనులో పడ్డ ఎలకని చిన్నది చెరువుకి తీసుకెళ్లి నీళ్లలో ముంచుతుంది. నిదానంగా, ఒకటికి రెండుసార్లు చూపిస్తాడు. సినిమా సగమయ్యేసరికి అమ్మ చేతిలో చేట ఆగిపోయింది. ‘ఆ పిల్లకి ఒక్క పూటన్నా కూచునే రాత లేదేమే’ అంది. అంతకంటే మంచి సమీక్ష ఆ సినిమా మీద నేను చదవలేదు. లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1982లో సదర్లాండ్ ట్రోఫీ ఇచ్చారు. అమ్మ మాటకి కూడా అంతే విలువ ఇస్తాను.

ఆ పాత్ర పేరు రాజమ్మ. రోజీని ఇంట్లో పిలిచే పేరు కూడా అదే. కావాలని పెట్టారని నేను అనను. కానీ ఆ పేరు విన్నప్పుడల్లా నాకు రెండు ముఖాలు గుర్తొస్తాయి. ఒకటి మన తెనాలి ముఖం. ఇంకొకటి ఎవరూ చూడని ముఖం.

డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు. ‘ఎలిప్పత్తాయం’కి పెట్టుబడి పెట్టినాయన కొల్లం జీడిపప్పు వ్యాపారి కె. రవీంద్రనాథన్ నాయర్, అచ్చాణి రవి అంటారు. అడూర్‌కీ, ఇంకో దర్శకుడు అరవిందన్‌కీ వరసగా పెట్టాడు, ఏం తీస్తున్నారని కథలో వేలు పెట్టకుండా. అరవిందన్ రామాయణ కథ ‘కాంచన సీత’ తీసిందీ ఈయన డబ్బుతోనే, 1977లో. అది తీసింది మన ఆంధ్ర అడవుల్లో. రాముడూ లక్ష్మణుడూ ఎవరనుకున్నారు? మన చెంచులు, రామచెంచులు. కిరీటాలు లేవు, నగలు లేవు. సీత మనిషిగా కనిపించదు, చెట్లు కదిలితే, గాలి వీస్తే సీత. ఎన్టీఆర్ గారి రాముణ్ణి గుండెల్లో పెట్టుకున్న మన నేల మీద ఇంకో భాషాయన వచ్చి మన చెంచువాణ్ణి రాముణ్ణి చేశాడు. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ఆ సినిమాని మన ఊళ్లలో వెయ్యాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

దర్శకుడు జాన్ అబ్రహాం దారి ఇంకోటి. ఒడెస్సా అనే బృందం పెట్టి, ఊళ్లు తిరిగి, చాప్లిన్ సినిమా వేసి చూపించి, చూసినవాళ్ల దగ్గర చేతికొచ్చినంత చందా తీసుకున్నాడు. ఆ చిల్లరతో 1986లో ‘అమ్మ అరియాన్’ తీశాడు. తీసినదాన్ని మళ్లీ ఆ ఊళ్లకే పట్టుకెళ్లి చూపించాడు. మరుసటి ఏడాదే పోయాడు.

ఇవన్నీ కొద్దిమందే చూశారు, నిజమే. కానీ వీటి వెలుగు పక్కింట్లో పడింది. ఎనభైల్లో భరతన్, పద్మరాజన్, కె.జి. జార్జ్ లాంటి దర్శకులు వచ్చారు. పాటలుండేవి, స్టార్లుండేవారు, కథ మాత్రం మనుషుల్ని వదిలేది కాదు. మమ్ముట్టి, మోహన్‌లాల్ ఆ తోటలోనే పెరిగారు. ‘కిరీడం’ సంగతి ఒక్కటి చెప్తాను, 1989, లోహితదాస్ రాశాడు. తండ్రి హెడ్ కానిస్టేబుల్, కొడుకు ఎస్ఐ కావాలని కల. తండ్రిని నడిబజార్లో రౌడీ కొడుతుంటే చూడలేక కొడుకు తిరగబడతాడు. మామూలు సినిమాలో అక్కణ్ణుంచి కొడుకు హీరో. ఇక్కడ అక్కణ్ణుంచి కొడుకు బతుకు కూలిపోవడం మొదలు. చివర్లో కత్తి పట్టుకుని బజార్లో నిలబడ్డవాణ్ణి కత్తి పారెయ్యమని తండ్రి బతిమాలుతాడు. ఆ కొడుకు పోలీసు ఉద్యోగానికి పనికిరాడని పైవాళ్లకి చెప్పాల్సింది కూడా తండ్రే. కొట్టిన ప్రతి దెబ్బకీ ఇంట్లోవాళ్లు ఏం మూల్యం కట్టారో లెక్క చెప్పిన సినిమా అది. ఫైటు చూసి ఈల వెయ్యబోయిన నోరు అక్కడే మూసుకుపోతుంది.

ఆ తర్వాత పడిపోయింది కూడా. 2000 చుట్టుపక్కల స్టార్ల సినిమాలు ప్రభువుల పొగరుతో మీసాలు మెలేస్తుంటే, చిన్న థియేటర్లని అశ్లీల చిత్రాలు నింపాయి. మన ఊళ్లలో ఉదయం ఆటకి ‘మలయాళం సినిమా’ అని పోస్టరు పడితే దానికి అర్థం వేరే ఉండేది. అడూర్, అరవిందన్‌ల భాషని మనం ఆ అర్థంలో వాడుకున్నాం. నాకు అది ఇప్పటికీ బాధే.

తేరుకున్నది 2011 నుంచి. ‘ట్రాఫిక్’ లాంటి సినిమాలు వచ్చాయి, కుర్రవాళ్లు డిజిటల్ కెమెరాలు పట్టుకుని కొచ్చి సందుల్లోకి, ఇడుక్కి కొండల్లోకి వెళ్లారు. ఒక కారణం వాళ్ల మార్కెట్టు చిన్నది కావడం. 2011 లెక్కల్లో కేరళ జనాభా మూడు కోట్ల ముప్పై నాలుగు లక్షలు. గల్ఫులో ఉన్నవాళ్లని కలుపుకున్నా మన మార్కెట్టుకి సరిరాదు. వంద కోట్లు పెట్టే వీల్లేనప్పుడు కథ మీద కూచోక తప్పదు. ‘మహేషింటె ప్రతికారం’ చూడండి, 2016. ఒక చిన్న ఊళ్లో ఫోటో స్టూడియో నడిపే మహేష్‌ని నలుగురిలో కొడతారు. తిరిగి కొట్టేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టేసుకుంటాడు. సినిమా అంతా ఒక జత చెప్పుల చుట్టూ. మధ్యలో తండ్రి దగ్గర ఫోటో తియ్యడమంటే ఏమిటో నేర్చుకుంటాడు. మన వెంకటేష్ మహా దాన్ని అరకు తీసుకెళ్లి ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ తీస్తే, ఆ కథ మన కొండల్లో కూడా చక్కగా వేళ్లూనుకుంది. మరుసటి ఏడు ‘తొండిముదలుం దృక్సాక్షియుం’లో పోలీసుల వేషాలకి నిజం పోలీసులనే పెట్టుకున్నారు. స్టేషన్లో ఫైలు తిరగేసే తీరు చూస్తేనే తెలిసిపోతుంది.

అలాగని మన వాళ్లు తెచ్చుకున్నవన్నీ కుదిరాయనను. ‘దృశ్యం’ కుదిరింది, ‘ప్రేమమ్’ కుదిరింది. లాక్‌డౌన్ తర్వాత పరిస్థితి మారింది. ఇంట్లో కూచుని అసలుదే చూసేస్తున్నారు, తెలుగు డబ్బింగు కూడా ‘ఆహా’ లాంటి చోట్ల దొరుకుతోంది. వెనకాల కూచున్న పిల్లలు ఫహాద్ ఫాజిల్‌ని ‘పుష్ప’ కంటే ముందే ఎరుగుదురు. 2024లో ‘ప్రేమలు’ అయితే కథే మన హైదరాబాదులో జరుగుతుంది, ఉద్యోగం కోసం వచ్చిన మలయాళీ పిల్లల కథ. ఆ ఏడే ‘మంజుమ్మెల్ బాయ్స్’ మలయాళంలో మొదటిసారి 200 కోట్లు దాటింది. 2025లో ‘లోక’ దాన్ని మించి 300 కోట్ల మాట వినిపించింది, అదీ ఒక ఆడపిల్ల ముందు నిలబడ్డ సినిమా, కళ్లియంకాట్టు నీలి అనే యక్షి కథ నుంచి పుట్టింది. ఈ అంకెలు విని అక్కడ అందరూ బాగుపడ్డారనుకోకండి. 2024లో వచ్చిన దాదాపు 200 సినిమాల్లో గట్టెక్కినవి పాతిక చుట్టూనే అని నిర్మాతల సంఘమే చెప్పింది.

ఇప్పుడు మళ్లీ రోజీ దగ్గరికి వస్తాను. 2017 ఫిబ్రవరిలో అక్కడ ఒక నటిని కారులో ఎత్తుకెళ్లి హింసించారు. ఆమె ఫిర్యాదు చేసింది. ఆమె వెంట కొందరు ఆడవాళ్లు నిలబడి విమెన్ ఇన్ సినిమా కలెక్టివ్ పెట్టుకున్నారు. వాళ్లలో పని పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2019లో వాళ్లు ఒక ఫిల్మ్ సొసైటీ మొదలుపెట్టారు. దానికి ఏం పేరు పెట్టారో తెలుసా? పి.కె. రోజీ ఫిల్మ్ సొసైటీ. తరిమేసిన దాదాపు తొంభై ఏళ్లకి ఆమెని పేరు పెట్టి ఇంటికి పిలిచింది వీళ్లు. ప్రభుత్వాలు కాదు, స్టార్లు కాదు.

వాళ్లు అడిగితేనే ప్రభుత్వం జస్టిస్ కె. హేమ అధ్యక్షతన కమిటీ వేసింది. ముగ్గురు సభ్యులు. ఒకరు జస్టిస్ హేమ, ఒకరు రిటైరైన ఐఏఎస్ అధికారి కె.బి. వత్సలకుమారి, మూడోవారు మన శారద గారు. ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊరి నుంచే 1996లో లోక్‌సభకి వెళ్లిన శారద గారు. యాభై ఏళ్ల కిందట ఆ సినిమాలో ఆడవాళ్ల దుఃఖాన్ని నటించిన మనిషి, ఇప్పుడు గదిలో కూచుని అదే సినిమాలోని ఆడవాళ్ల దుఃఖం ఒక్కొక్కరి నోట విన్నారు. 2019 డిసెంబరు 31న నివేదిక ఇచ్చారు. అది బయటికి రావడానికి 2024 ఆగస్టు 19 దాకా పట్టింది, అదీ కొన్ని భాగాలు తీసేసి. షూటింగు చోట మరుగుదొడ్డి లేక పొద్దుటినుంచి నీళ్లు తాగకుండా పనిచేసే జూనియర్ ఆర్టిస్టుల సంగతి అందులో ఉంది. రాత్రిపూట హోటల్ గదుల తలుపులు దబదబా బాదే మగవాళ్ల సంగతి ఉంది. ఆ భయానికి తల్లినో తండ్రినో వెంట తెచ్చుకునే నటీమణుల సంగతి ఉంది. ఎనిమిది రోజులకి నటుల సంఘం కార్యవర్గం మొత్తం రాజీనామా చేసింది.

మనం అక్కడి సంగతి విని తల తిప్పుకునే వీల్లేదు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2019లో తెలుగు సినిమా రంగం గురించి ఒక ఉపసంఘం వేసింది. హేమ నివేదిక వచ్చిన నెలలోనే, మన నివేదిక కూడా బయటపెట్టమని సమంత అడిగారు. ఆ అమ్మాయి అడిగిన మాట ఈ హాల్లో మనమందరం కూడా అడగాలి.

మలయాళ సినిమాని నేను ప్రేమిస్తాను కాబట్టే ఇదంతా చెప్పాను. వంటింట్లో సింకు కింద కారే మురికినీళ్లని చూపించి ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ తీసిన భాష అది. 2023లో మమ్ముట్టి అంతటి వయసున్న, పేరున్న నటుడు స్వలింగ ప్రేమని దాచుకున్న భర్తగా నటించిన భాష అది. ఇప్పుడు అక్కడి ప్రభుత్వ సంస్థ మహిళా దర్శకులకి, దళిత, ఆదివాసీ దర్శకులకి సినిమాకి కోటిన్నర దాకా ఇస్తోంది. రోజీ కుర్చీలో కూచునేవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. చాలా ఆలస్యంగా, చాలా తక్కువమంది.

ఇంక సినిమా వేద్దాం. ప్రింటు పాతది, అక్కడక్కడ గీతలుంటాయి, కంగారు పడకండి. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకుని చూడండి. చివర్లో శారద గారి పాత్ర, సీత, ఒంటరిగా మిగులుతుంది. చంటిబిడ్డకి పాలు పడుతూ, మూసి ఉన్న తలుపు వైపు చూస్తుంది. ఆ తలుపు అవతల ఏముందో అడూర్ చెప్పడు. 1972లో ఆ తలుపు వైపు చూసిన కళ్లు ఎవరివో, తలుపులు బాదుతున్నారని చెప్పుకున్న ఆడపిల్లల మాటల్ని నలభై ఏళ్ల పైన గడిచాక విన్న చెవులు ఎవరివో మీకు తెలుసు.

బాబూ, లైట్లు తీసెయ్యండి.